మాస్టర్ ప్లాన్‌కు ముహూర్తం ఎవరు పెట్టాలి?

ప్లాటు కొనేవాళ్ళు నా టేబుల్ ముందు కూర్చోగానే అడిగే ప్రశ్నలు కాలాన్నిబట్టి మారుతూ వచ్చాయి. ఒకప్పుడు ‘లింకు కాగితాలు సరిగ్గా ఉన్నయా?’ అనేవాళ్ళు. గద్వాల జిల్లా అయ్యాక ‘కొత్త కలెక్టరేట్‌కు ఎంత దూరం?’ అన్నారు. 2020 తర్వాత ‘ఎల్‌ఆర్‌ఎస్‌కు పెట్టుకున్నదేనా?’ అన్నారు. 2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్డోజర్లను టీవీలో చూశాక, చెరువు కనుచూపు మేరలో లేని జాగాకు కూడా ‘ఎఫ్‌టీఎల్‌ల లేదు గద సార్?’ అంటున్నారు. మన ఊరి మాస్టర్ ప్లాన్‌ను మళ్ళీ ఎప్పుడు తిరగరాస్తారు, ఆ పని ఏ నెలలో మొదలై ఏ నెలలో ముగుస్తుంది అని మాత్రం ఎవరూ అడగరు. పై ప్రశ్నల్లో సగం పుట్టేది అక్కడే.

నేను గద్వాలలో డాక్యుమెంట్ రైటర్ని. మా నాన్న చీరలు నేసిన మనిషి. నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపే పని. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిన గద్వాల చీర అదే. నేను మగ్గం దిగి కాగితాల పనిలో పడ్డాను. బంధువులు వనపర్తిలో ఉన్నారు, వియ్యం అందుకున్నది నాగర్‌కర్నూల్ వైపు. అందుకని మూడు ఊళ్ళ కాగితాలూ నా చేతికి వస్తుంటాయి. అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ రోజూ నోటితో చెప్పేదాన్ని ఈసారి రాసి చెప్తున్నాను.

మాస్టర్ ప్లాన్ అంటే చాలామంది రోడ్ల వెడల్పు కాగితం అనుకుంటారు. అది ఊరికి రాబోయే ఇరవై ఏళ్ళ రంగుల పటం. ఇళ్ళు వచ్చే చోటుకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, ఆఫీసులు, ఆసుపత్రులు, బడులకు ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ. దేశమంతా ఇంచుమించు ఇవే రంగులు. మీ సర్వే నంబరు ఏ రంగులో పడిందన్నదాన్ని బట్టి అక్కడ ఏం కట్టవచ్చో, ఏం కట్టకూడదో తేలుతుంది. బ్యాంకు అప్పు, ఇంటి పర్మిషన్, లేఅవుట్, చివరికి ఆ భూమికి పలికే ధర, అన్నీ ఆ రంగు వెంటే నడుస్తాయి.

ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పాలి. ప్లాన్‌లో రంగు మారినంత మాత్రాన భూమి సర్కారుది అయిపోదు. భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ఉంది. దానికి నోటీసులు, పరిహారం, చాలా సందర్భాల్లో సామాజిక ప్రభావ అధ్యయనం ఉంటాయి. మాస్టర్ ప్లాన్‌లో పట్టా మీ పేరు మీదే ఉంటుంది, మారేది వాడుక. అయితే ఈ మాటతో రైతు ఊరట పొందాలని ఆఫీసర్లు అనుకుంటే అది అమాయకత్వం. మూడెకరాల్లో ఎకరం అమ్మి బిడ్డ పెళ్ళి చేద్దామనుకున్న మనిషికి, ఆ మూడెకరాలూ పరిశ్రమల జోన్‌లో పడ్డాయని తెలిస్తే, పట్టా తన దగ్గర ఉండీ ఏం లాభం? ఇళ్ళ ప్లాట్లకు కొనేవాడు ఇక రాడు. పరిశ్రమ పెట్టేవాడు ఎప్పుడొస్తాడో తెలియదు.

ఊరి లోపల సంగతి వేరు. అక్కడ భయం రంగు గురించి కాదు, గీత గురించి. కోట చుట్టూ అల్లుకున్న పాత గద్వాలలో నేతగాళ్ళ ఇళ్ళు చూడండి. గుంత మగ్గం నేల మీదే ఉండాలి, పై అంతస్తుకు ఎక్కదు. మా ఇంట్లో అది వీధి గదిలో ఉండేది. ప్లాన్‌లో వీధి వెడల్పు పెరిగినట్టు గీత పడితే రేపే వచ్చి ఇల్లు కూలగొట్టరు. కానీ పాత ఇల్లు తీసి కొత్తది కట్టుకుందామని పర్మిషన్‌కు పోతే, రోడ్డుకు పోయే మేర వదిలిపెట్టి కట్టుకోవాలి. ఆ ముక్కను మున్సిపాలిటీకి రాసివ్వాలి. అలాంటి కాగితాలు నేనే రాశాను. వదిలిన ఆ మేరలోనే మగ్గం గుంత ఉంటుంది. ఇంటి పటంలో అది కనబడదు, ఉపగ్రహ చిత్రంలో అంతకన్నా కనబడదు. ఆ ఇంటివాళ్ళు చెప్తేనే తెలుస్తుంది. ప్రజాభిప్రాయం కావాలనేది ఇందుకే. మర్యాద కోసం కాదు, పటం గీసేవాడికి తెలియనిది తెలుసుకోవడం కోసం.

మన మూడు ఊళ్ళకు ఇప్పుడు ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందంటే, ఊళ్ళు మారిన వేగం అలాంటిది. 2016 అక్టోబరు 11న, దసరా రోజున, ఉమ్మడి మహబూబ్‌నగర్ (మా పాలమూరు) నుంచి జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు వేరుపడ్డాయి. వనపర్తి కొత్త కలెక్టరేట్ 2022 మార్చిలో, నాగర్‌కర్నూల్‌ది, గద్వాలది 2023 జూన్‌లో తెరిచారు. మెడికల్ కాలేజీలు వచ్చాయి. కల్వకుర్తి నుంచి నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిల దగ్గర కృష్ణ దాటి నంద్యాల వైపు పోయే 167కె జాతీయ రహదారి పేరు చెప్పి ఆ దారి పొడవునా ఎన్ని అగ్రిమెంట్లు రాయించుకున్నారో మా వృత్తిలో ఉన్నవాళ్ళకే తెలుసు. ఊరు సాగిన దిక్కు ఒకటి, పాత పటం చూపించిన దిక్కు ఒకటి.

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇరవై ఏళ్ళ ప్లాన్‌ను అయిదేళ్ళకోసారి సమీక్షించుకోమని చెప్తాయి. మన రాష్ట్రంలో ఎన్ని ఊళ్ళు దాన్ని పాటించాయో వేళ్ళ మీద లెక్కపెట్టడానికి కూడా వేళ్ళు మిగులుతాయి. 2021 అక్టోబరులో మొదలైన కేంద్ర పథకం అమృత్ రెండో దశలో, యాభై వేల నుంచి లక్ష లోపు జనాభా ఉన్న ఊళ్ళకు కంప్యూటర్ పటాల మీద మాస్టర్ ప్లాన్లు తయారు చేయించే ఏర్పాటు పెట్టారు. 2011 జనాభా లెక్కల్లో 63 వేలు దాటిన గద్వాల ఆ కొలతకు సరిపోతుంది. వనపర్తీ సరిపోతుంది. నాగర్‌కర్నూల్ అప్పటికి చిన్న ఊరు. జిల్లా కేంద్రం అయ్యాక పెరిగిన జనం ఆ లెక్కల్లో లేరు.

ఉండరు కూడా. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు జరగలేదు. 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా పెట్టి ఇప్పుడు జరపబోతున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఊళ్ళో ఎందరుంటారు, వాళ్ళకెన్ని నీళ్ళు కావాలి, ఎన్ని బడులు కావాలి అనే అంచనాతోనే ఏ ప్లాన్ అయినా మొదలవుతుంది. పాత లెక్కలతో ఇప్పుడే గీసేద్దామా, కొత్త లెక్కలు వచ్చేదాకా ఆగుదామా, లేక గీసి ఉంచి లెక్కలు రాగానే సరిదిద్దుదామా? మూడింటికీ మంచీ ఉంది చెడూ ఉంది. నన్నడిగితే మూడోదే మేలంటాను. కానీ ఈ మాట ఏ వార్డులోనైనా ఎవరైనా జనాన్ని అడిగారా?

ప్లాన్ రాలేదు కదా అని ఊరు ఆగదు. ఎల్‌ఆర్‌ఎస్ ఆ కథే. 2020 ఆగస్టు 31న ప్రభుత్వం 131 నంబరు జీవో ఇచ్చి, అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవాళ్ళు క్రమబద్ధీకరణకు పెట్టుకోవచ్చంది. రాష్ట్రమంతా కలిపి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఖాళీ జాగా వదలని లేఅవుట్ అయితే ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. అయిదేళ్ళ తర్వాత, 2025లో, 25 శాతం రాయితీ ఇచ్చి కట్టించుకున్నారు. అక్రమ లేఅవుట్లకు కారణాలు చాలా, రియల్టర్ ఆశ అందులో మొదటిది. అయినా ఊరు పెరిగే వైపు పసుపు రంగు వేళకు పడి ఉంటే, అందులో కొందరైనా ముందే సక్రమంగా కొనుక్కునేవాళ్ళు. ఆ 14 శాతం కట్టింది లేఅవుట్ వేసినవాడు కాదు. రెండు వందల గజాలు కొన్న టీచరు, ఆర్టీసీ డ్రైవరు, దుబాయి నుంచి పంపినవాడు.

ఇక ప్లాన్ తయారయ్యే తీరు. ముందు సర్వే; ఇప్పుడు డ్రోన్లతో చేస్తున్నారు. తర్వాత కన్సల్టెంట్లు లెక్కలు వేసి ముసాయిదా గీస్తారు. మున్సిపాలిటీ దాన్ని ప్రకటించి, అభ్యంతరాలు, సూచనలు ఇవ్వమని గడువు పెడుతుంది. వచ్చినవాటిని పరిశీలించాక ప్రభుత్వానికి పోతుంది, అక్కడ ఖరారవుతుంది. కాగితం మీద చక్కగా ఉంది. చిక్కెక్కడంటే, సర్వే నుంచి ముసాయిదా దాకా ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళలో జనానికి ఒక్క ముక్క తెలియదు. ముసాయిదా బయటపడ్డాక చూసుకోవడానికి ఇచ్చేది వారాలు. సమయమంతా ఒకరిది, తొందరంతా ఇంకొకరిది.

కామారెడ్డిలో జరిగింది ఇదే. ఆ ఊరి పాత మాస్టర్ ప్లాన్ 2000 నాటిది. కొత్త ముసాయిదా 2022 నవంబరులో వచ్చింది. అభ్యంతరాలకు అరవై రోజులు, చివరి తేదీ 2023 జనవరి 11. అరవై రోజులంటే వినడానికి తక్కువేం కాదు. కానీ అది వరికోతలు, వడ్ల కుప్పలు, కొనుగోలు కేంద్రాల దగ్గర పడిగాపులు, యాసంగి నాట్లు అన్నీ పైన పడే కాలం. మున్సిపాలిటీలో కలిసిన చుట్టుపక్కల ఊళ్ళ రైతులకు తమ పొలాలు పరిశ్రమల జోన్‌లో ఉన్నాయని తెలిసేసరికి గడువు సగానికి పైగా కరిగిపోయింది. జనవరి మొదటి వారంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మరునాడు, 5వ తేదీన, వేలమంది కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. బంద్ జరిగింది, హైకోర్టుకు పోయారు. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై ఆ ముసాయిదాను వెనక్కి తీసుకుంటున్నట్టు తీర్మానం చేసింది. అదే రోజు జగిత్యాల కౌన్సిల్ కూడా తన ముసాయిదాను రద్దు చేసింది.

అధికారులు అప్పుడు చెప్పినవన్నీ అబద్ధాలు కావు. ఇది ముసాయిదాయే, భూములు పోవు, అభ్యంతరం రాసిస్తే మారుస్తాం అన్నారు. నియమం ప్రకారం అదంతా నిజమే. ఆ నిజాన్ని ఊళ్ళోకి వచ్చి ముందే చెప్పి ఉంటే ఒక ఇంటి దీపం ఆరేది కాదేమో. ఆ ఏడాది నవంబరులో జరిగిన శాసనసభ ఎన్నికల్లో ఇద్దరు పెద్ద నాయకులు పోటీ చేసిన ఆ నియోజకవర్గంలో ప్రచారమంతా మాస్టర్ ప్లాన్ పేరు వినిపిస్తూనే ఉంది. ఆ ఇద్దరూ ఓడిపోయారు. రాజకీయం సరే. ఇక్కడ నేను పట్టుకునేది వేరే. ముసాయిదా రద్దయితే మిగిలేది ఏమీ లేని ఊరు కాదు, రెండు దశాబ్దాల కిందటి పాత ప్లాన్ ఉన్న ఊరు. దాంతోనే మళ్ళీ పర్మిషన్లు, మళ్ళీ అక్రమ లేఅవుట్లు. జనం గెలిచారన్నారు. నా వృత్తి వైపు నుంచి చూస్తే అందరూ ఓడారు.

గద్వాలలోనో వనపర్తిలోనో రేపు ముసాయిదా బయటపెడితే ఏ నెలలో పెడతారు? అందుకే పాలమూరు క్యాలెండర్ ఒకసారి చూద్దాం. కృష్ణకు, తుంగభద్రకు మధ్య ఉన్న నడిగడ్డ సీడ్ పత్తికి పేరుపడ్డ నేల. మే, జూన్‌లలో విత్తుతారు. ఆగస్టు వచ్చిందంటే క్రాసింగ్ మొదలు. సాయంత్రం ఆడ చేనులో మొగ్గ మొగ్గకూ మగ భాగం గిల్లి పెట్టాలి, మర్నాడు పొద్దున పుప్పొడి రుద్దాలి. ఒక్కరోజు మానితే ఆ రోజు పూలు పోయినట్టే. ఆ నెలల్లో ఇంటిల్లిపాదీ చేనులోనే ఉంటారు, కూలీ మనిషి దొరికితే బంగారం దొరికినట్టు. అప్పుడు మున్సిపల్ ఆఫీసుకు వచ్చి గోడ మీద పటం చూసుకోమంటే ఎవరొస్తారు? వనపర్తి వైపు వేరుశనగ. దసరా చుట్టూ విత్తి, సంక్రాంతి తర్వాత పీకి, మార్కెట్ యార్డులో కుప్పలు పోసి ధర కోసం కూర్చుంటారు. నాగర్‌కర్నూల్ వైపు అక్టోబరు నుంచి పత్తి ఏరడం. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళొచ్చాక వరి పని కూడా దానికి తోడైంది.

జాతరలు చెప్పనక్కర్లేదు. దీపావళి తర్వాత కురుమూర్తి, డిసెంబరులో మల్దకల్ తిమ్మప్ప, మాఘ పున్నమికి మా జమ్ములమ్మ. జాతర రోజుల్లో సభ పెడితే ఆఫీసర్లకే దారి దొరకదు.

అన్నిటికంటే పెద్దది వలస. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఆనకట్టలు కట్టినవాళ్ళు, కాలువలు తవ్వినవాళ్ళు. ప్రాజెక్టుల నీళ్ళొచ్చాక తగ్గింది, ఆగలేదు. దసరా పోగానే పుణె, ముంబై, హైదరాబాద్ బాట పట్టి ఉగాదికి ఇల్లు చేరే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. తాళం వేసిన ఆ ఇంటికి, బీడు పెట్టిన ఆ అరెకరానికి కూడా ప్లాన్‌లో రంగు పడుతుంది. నవంబరులో ముసాయిదా వేసి జనవరిలో గడువు ముగిస్తే వాళ్ళ లెక్కలో అసలు ముసాయిదా రానట్టే. ఉగాదికి వచ్చాక ‘మా చెల్కల పార్కు పెట్టిన్రంట, మాకెవరు జెప్పిన్రు సారూ?’ అని అడిగితే నా దగ్గర జవాబుండదు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. పటం గీయకముందే కాలపట్టిక బయటపెట్టండి, ఆ పట్టిక మీద ముందు మమ్మల్ని అడగండి. సర్వే ఏ నెల, తొలి పటం ఏ నెల, వార్డు సభలు ఏ నెల, అభ్యంతరాల గడువు ఎప్పటినుంచి ఎప్పటిదాకా, వచ్చినవాటికి జవాబు ఏ తేదీకి. మా వైపు అయితే అభ్యంతరాల అరవై రోజులూ ఉగాది తర్వాత మొదలై మృగశిర కార్తెకు ముందే ముగియాలి. యాసంగి చేతికి వచ్చి ఉంటుంది, వలసపోయినవాళ్ళు వచ్చి ఉంటారు, వానాకాలం పని ఇంకా ఎత్తుకోరు. సీడ్ పత్తి రైతుకు మే చివర కొంత ఇబ్బంది, నిజమే. ఎండ ఉంటుంది. సభ సాయంత్రం పెట్టుకుంటే సరి. పెళ్ళిళ్ళ సీజన్ కాబట్టి నేతగాళ్ళకు చేతినిండా పని, కానీ వాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. పెళ్ళికి పంతులును అడిగినట్టు, ప్లాన్‌కు ముహూర్తం పెట్టేముందు ఊరిని అడగమనడంలో తప్పేముంది?

ఇది నా సొంత కల్పన కాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో ప్రతి స్థానిక సంస్థా తన అభివృద్ధి ప్లాన్ తిరగరాసే ముందు డెలివరీ అగ్రిమెంట్ అనే ఒప్పందపత్రం తయారుచేయాలి. దానికి చట్టపరమైన మూలం 2004 నాటి ప్లానింగ్ చట్టం. అందులో రెండే భాగాలుంటాయి: ఏ దశ ఏ నెలలో పూర్తవుతుందో చెప్పే కాలపట్టిక, ఏ దశలో ఎవరిని ఎలా సంప్రదిస్తారో చెప్పే పథకం. ఆ పత్రం ముసాయిదా మీదే ముందు అభిప్రాయాలు తీసుకుంటారు. తర్వాత అక్కడి ప్రభుత్వం ఆమోదిస్తుంది. పని కొద్ది నెలలకు మించి జారితే ఊరుకోరు, పట్టికను సవరించి మళ్ళీ ఆమోదం తెచ్చుకోవాలి. ప్లాన్ అమల్లోకి వచ్చాక నాలుగేళ్ళకోసారి సమీక్ష తప్పదు. ఉత్తర ఐర్లాండ్‌లో 2011 చట్టం కింద ఇలాంటి పద్ధతే ఉంది. అక్కడా జనం తిట్టుకుంటారు, అక్కడా ప్లాన్లు ఆలస్యమవుతాయి. తేడా ఏమిటంటే ఎంత ఆలస్యమైందో అందరికీ తెలుస్తుంది, ఎందుకంటే తేదీ ముందే రాసి ఉంది.

మన దేశంలో ఢిల్లీ చూడండి. 2041 మాస్టర్ ప్లాన్ ముసాయిదాను 2021 జూన్‌లో, కోవిడ్ రెండో కెరటం అప్పుడప్పుడే దిగుతున్నప్పుడు, 45 రోజుల గడువుతో పెట్టారు. గోల లేచి ఇంకో 30 రోజులు పెంచారు. ముప్పై వేలకు పైగా అభ్యంతరాలు వచ్చాయి. గడువు పెంచితే జనం మాట్లాడతారనడానికి అది చాలదా? కేరళలో 1996లో మొదలైన ప్రజాప్రణాళిక సంగతి అందరూ చెప్పేదే కనుక నేను మళ్ళీ చెప్పను. మనకూ 2014 జులైలో ‘మన ఊరు మన ప్రణాళిక’ అని ఊరూరా సభలు పెట్టి పనుల జాబితాలు రాయించుకున్నారు. మా వైపు ఊళ్ళలో ఆ రోజుల్లో జనం బాగానే వచ్చారు. రాసిచ్చిన పని ఏ సంవత్సరంలో అవుతుందో ఆ జాబితాల పక్కన ఒక గడి ఉంటే ఇంకా బాగుండేది.

కాలపట్టిక ముందే చెప్తే రియల్టర్లు ముందే వచ్చి వాలతారని ఒక వాదన ఉంది. టౌన్ ప్లానింగ్ ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన నాతో ఈ మాటే అన్నాడు. కొట్టిపారేయదగ్గది కాదు. కానీ నా టేబుల్ దగ్గర కూర్చుంటే ఆయనకూ తెలిసేది: వాళ్ళు ఎప్పుడో వచ్చి వాలారు. ఏ వైపు పసుపు రంగు పడబోతుందో వాళ్ళ దగ్గర ఫోన్లో పటం ఉంటుంది. అది నిజమో కాదో వేరే సంగతి. ఉందని చెప్పి అమ్ముతారు. రహస్యం వల్ల తెలియకుండా పోయేది పొలం ఉన్నవాడికి, మగ్గం ఉన్నవాడికి మాత్రమే.

ఇంకో వాదన, ఎన్నికైన కౌన్సిల్ లేనప్పుడు ఎవరిని అడగాలని. 2020 జనవరిలో ఎన్నికైన కౌన్సిళ్ళ కాలం 2025 జనవరి 26తో ముగిసి, ప్రత్యేక అధికారుల పాలన వచ్చింది. అలాంటి కాలంలో ముసాయిదా ఖరారు చేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. సర్వే చేసుకోవచ్చు, లెక్కలు వేసుకోవచ్చు. ఏ వీధి ఎంత వెడల్పుండాలో మాత్రం ఆ వీధిలో ఓటడిగిన మనిషి సమక్షంలోనే తేలాలి. 2019 మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ఊరి ప్రముఖులతో నాలుగు కమిటీలు వేయమని ఉంది, ఒక్కో దానిలో పదిహేనుమంది. అంటే వార్డుకు అరవైమంది. పటం పట్టుకుని వాళ్ళ ముందు కూర్చుంటే చాలు, సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. పక్క గ్రామాల భూములు పటంలోకి వస్తే గ్రామసభ ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం దాన్ని రెండు నెలలకోసారి పెట్టమంటుంది.

ఊరి మనుషులకు మాత్రమే తెలిసినవాటిలో నీళ్ళది మొదటి వరుస. వనపర్తి సంస్థానం తవ్వించిన చెరువుల్ని మా వైపు సప్తసముద్రాలంటారు. శ్రీరంగాపురం గుడి చుట్టూ ఉన్న రంగసముద్రం చూసినవాళ్ళకు ఆ పేరెందుకో చెప్పక్కర్లేదు. నాగర్‌కర్నూల్‌కు కేసరి సముద్రం. 2012 నాటి 168 జీవో ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. చెరువు పటంలో ఉంటుంది. చెరువులోకి నీళ్ళు తెచ్చే పాటు కాలువ, ఒక చెరువు అలుగు పారి ఇంకో చెరువుకు పోయే దారి చాలాసార్లు ఉండవు. డ్రోను ఎండాకాలం ఎగిరితే అది బండ్లబాటలాగే కనబడుతుంది. దాని మీద పసుపు రంగు పడుతుంది, ప్లాట్లు పడతాయి, ఏ సెప్టెంబరులోనో వాన దంచికొడితే నీళ్ళు తమ దారి వెతుక్కుంటూ ఇళ్ళలోకి వస్తాయి. చెరువు కింద నీళ్ళు పారించిన నీరటికాడిని ఒక్క పూట వెంట తిప్పుకుంటే ఆ దారి చూపిస్తాడు. కాలపట్టికలో ఆ పూటకు ఒక గడి కావాలి.

ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరం ఎలా రాయాలో కూడా చెప్తాను, ఎందుకంటే కామారెడ్డి తర్వాత చాలామంది ‘మాకు ఈ ప్లాన్ వద్దు’ అని ఒక్క వాక్యం రాసి వందమంది సంతకాలు పెట్టడమే అభ్యంతరం అనుకుంటున్నారు. దానికి బలం ఉంది కానీ, ఫైల్లో దానికి జవాబు రాయడం కూడా సులువే. ఎవరి కాగితం వాళ్ళు ఇవ్వండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పాత ప్లాన్‌లో ఏ జోన్, కొత్తదాంట్లో ఏ జోన్, ఇప్పుడు అక్కడ నిజంగా ఏముంది, మీరు కోరే మార్పు ఏమిటి. పాస్‌బుక్ నకలు, ఫొటో జతచేయండి. బోరు ఉంటే, మగ్గం ఉంటే, దారి ఉంటే అది కనబడేలా ఫొటో తీయండి. రెండు ప్రతులు తీసుకుపోయి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అభ్యంతరం ఇచ్చినట్టు కాదు. ఇంట్లో ఎవరైనా వలసలో ఉంటే వాళ్ళ సంతకం వాట్సాప్‌లో తెప్పించి జతచేయండి, ఫోన్ నంబరు రాయండి.

అంతకన్నా ముందు, ముసాయిదా రాకముందే చేయగలిగింది ఒకటుంది. 2005 సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్, జనం మీద ప్రభావం చూపే నిర్ణయాలు తయారవుతున్నప్పుడే వాటి వివరాలు ఎవరూ అడగకుండానే బయటపెట్టమని చెప్తుంది. అలా బయటపెట్టకపోతే అడగవచ్చు. మున్సిపల్ కమిషనర్ కార్యాలయంలోని సమాచార అధికారి పేరున అయిదు ప్రశ్నలు చాలు: మన ఊరికి ఇప్పుడు అమల్లో ఉన్న మాస్టర్ ప్లాన్ ఏ సంవత్సరానిది, దాన్ని సమీక్షించే పని మొదలైందా, ఏ దశలో ఉంది, మిగిలిన దశలకు నిర్ణయించిన తేదీలేమిటి, అభ్యంతరాల గడువు ఏ నెలల్లో పెట్టబోతున్నారు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అతికిస్తే సరి, గ్రామ పంచాయతీకి పెట్టుకుంటే అదీ అక్కర్లేదు. రాయడం రాకపోతే మా దగ్గరికి రండి. ఈ ఒక్క కాగితానికి నేను రాతకూలి తీసుకోను.